తగలని తూటా

సెప్టెంబర్ 3, బుధవారం

ఫారెస్టు ఆఫీసు నుంచి ప్రసాద్ సారు ఈ రోజు నా అంగడికి వచ్చాడు. నేను ఒక ఆటో సీటుకు రెగ్జిన్ కుడుతూ ఉన్నాను.

"ఏమప్పా కరీముల్లా, మీ నాయన పేరు కొండ కింద ఊళ్ళల్లో ఇంకా చెప్పుకుంటాండారు. మాబుసాబ్ ఒక తూటా తీసినాడంటే ఒక పంది పడాల్సిందే అని. ఇప్పుడు ఆ తుపాకి నీ పేరు మీదనే కదా ఉండేది? పర్మిషన్ తెచ్చినా. అడవిలో కాదు, చేలల్లోకి దిగిన పందుల్నే. ఈ చుట్టుపక్కల రైఫిల్ ఉండేది నీ ఒక్కనికే" అన్నాడు.

చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. టీ అంగడివాడు కూడా గ్లాసు పట్టుకుని వింటున్నాడు. "సరే సార్" అన్నాను.

ఇంటికొచ్చి చెబితే నా భార్య హసీనా అన్నం గరిటె అట్లే పట్టుకుని నిలబడింది.

"చెప్పలేకపోయినావా?"

"ఏం చెప్పాల?"

ఆమె నా కుట్టుపెట్టె దగ్గర కూర్చుని నాలుగు సూదుల్లో దారం ఎక్కించి పెట్టింది. ఈ మధ్య దారం నాసిరకం వస్తోంది. కొన పిగిలిపోయి సూదిలోకి పోదు.

సెప్టెంబర్ 5

తూటాల కోసం హిందూపురం పోయాను. నాయన కాలం నుంచీ నరసింహులు అంగడిలోనే కొంటాం. లైసెన్సు పుస్తకంలో రాసుకుని, పెట్టె తెరిచి నా ముందు పెట్టాడు.

దూరం నుంచి కొట్టడానికి ఏది మేలు అని అడిగాను.

"ఎంత దూరం?"

"చేను ఈ చివర గుట్ట మీద కూర్చుంటే ఆ చివర వరకు."

అతను రెండు తూటాలు తీసి బల్ల మీద నిలబెట్టాడు. ఒకదాని మూతి రాగి రంగులో గట్టిగా ఉంది. ఇంకొకదాని మొనలో సీసం బయటికి కనబడుతోంది. దాన్ని సాఫ్ట్‌నోస్ అంటారు.

"ఈ గట్టిది పందిలో దూరి, అవతలికి వచ్చి, పక్క చేను దాకా పోతాది. ఆడ ఎవరుంటారో నీకు తెల్దు. ఇది వద్దు. ఈ మెత్తమూతిది లోపలికి పోయినాక పుట్టగొడుగు మాదిరి విచ్చుకుంటాది. జంతువు అక్కడికక్కడే పడిపోతాది. కానీ కరీమన్నా, దీనికి వేగం ఉండాల. దూరం పోయే కొద్దీ వేగం తగ్గుతాది, గుండు కిందికి వంగుతాది. అప్పుడు తగిలినా విచ్చుకోదు. కడుపులో తగిలించుకుని ఆ పంది వారం దినాలు యాడో పొదలో పడి కుళ్ళి చస్తాది. లేకుంటే ఎదురొచ్చిన మనిషిని పొడుస్తాది."

"దూరానికి బరువైన గుండు మంచిదా, తేలికైందా?"

"నీ రైఫిల్‌కు వచ్చేది ఇదొక్క బరువే. ఏది కొన్నా లోపలుండే మందు ఒకటే. దగ్గరికి పో. ముందు భుజం వెనకాల కొట్టు."

దగ్గరికి పోవడం నాయన పద్ధతి. నా పద్ధతి వేరు. దూరం నుంచి కొడితే జంతువుకు భయం కూడా తెలియకుండా పోతుంది. అది దయ. పైగా దగ్గర్లో మంచె మీద కూర్చుంటే ఊరి మనుషులు పక్కన చేరి అదిగో ఇదిగో అంటూ ఉంటారు. దూరమైతే ఒక్కడినే ఉండొచ్చు.

సాఫ్ట్‌నోస్ తీసుకున్నాను. రైఫిల్ మీద బిగించడానికి ఒక దుర్భిణి కూడా.

వచ్చేటప్పుడు పెనుకొండ బస్సనుకుని పరిగి బస్సు ఎక్కాను. బోర్డుల మీద రంగు సరిగా వేయరు.

సెప్టెంబర్ 8

ఫోన్లో వీడియోలు చూస్తున్నాను. మంచు కొండల్లో తెల్లవాళ్ళు ఎనుముల్లాంటి దుప్పుల్ని లోయ అవతలి నుంచి కొడతారు. ఒక్కొక్క జంతువుకు ఒక్కొక్క గుండు. మొనలో ప్లాస్టిక్ ముక్క ఉండేది ఒకటి, మొత్తం రాగితో చేసింది ఒకటి, దూరం పోయినా విచ్చుకునేది ఇంకొకటి. గాలి ఎటు వీస్తే ఎంత జరగాలో కూడా చెబుతారు. సరైన గుండు ఎంచుకుంటే సగం పని అయిపోయినట్టే అంటున్నాడు ఒకాయన.

"ఆ తూటాలు మనకు దొరకవంటావు. మరేంటికి చూస్తాండావు?" అంది హసీనా.

"తెలుసుకోవడానికి."

"అంత దగ్గర పెట్టుకుని చూడొద్దు. ముక్కు తగుల్తాంది."

సెప్టెంబర్ 10

దుర్భిణి గాజు మధ్యలో మబ్బు. ఎంత తుడిచినా పోవడం లేదు. నరసింహులు పాతది అంటగట్టాడు.

సెప్టెంబర్ 13

మొదట చౌడమ్మ చేనుకు రమ్మన్నారు. కొండ కిందనే, అన్నిటికంటే చివర ఉన్న చేను. పందులు దిగేది అక్కడే. ఆమె మొగుడు రామప్ప గొర్రెలు తోలుకుని ముదిగుబ్బ వైపు పోయాడు. వానలు తగ్గే దాకా రాడు. చేను ఆమె ఒక్కతే కాచుకుంటోంది.

శెనక్కాయ బాగా పట్టింది. కానీ కొండ వైపు సాళ్ళన్నీ ఎవరో గుద్దలితో తవ్వి పోసినట్టు ఉన్నాయి. చౌడమ్మ ఒక చెట్టు పెరికి, కొరికి వదిలేసిన కాయలు చూపించింది.

"చూడన్నా, తినేది కొంచెం, తొక్కేది అంతా. పోయినేడు గూడా ఇట్లే. కూలోళ్ళకు కూడా రాలేదు. తప్పెట కొట్టినా, మంటలు పెట్టినా, చేను చుట్టూ చీరలు కట్టినా. ఇప్పుడు వాటికి ఏదీ భయం లేదు. నీ తుపాకి ఒక్కటి ఉండాది."

"నేను కూర్చున్నప్పుడు చేలోకి ఎవురూ రాకూడదు. నువ్వు గూడా."

"రానులే అన్నా. నువ్వు మంచె మీద కూర్చుంటావు కదా?"

"లేదు. ఆ గుట్ట మీద."

ఆమె గుట్ట వైపు చూసి, నా వైపు చూసింది. "అంత దూరమా? మాబుసాబ్ మామ మంచె మీదనే కూర్చుంటా ఉండె."

ఇప్పుడు తూటాలు మారాయని చెప్పాను.

సెప్టెంబర్ 18

రెండు పూటలు గుట్ట మీద కూర్చున్నాను. పందులు రాలేదని చెప్పాను. చేలో కొత్త అడుగులున్నాయని చౌడమ్మ అంది. నేను కునుకు తీసినప్పుడు వచ్చి ఉంటాయి అన్నాను.

నేను కునుకు తీయలేదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

పొద్దున కాల్చాను. తగలలేదు.

అల్లా దయ. తగలలేదు.

సెప్టెంబర్ 22

నిన్నటిది రాయకపోతే నా మనసు దాన్ని మార్చేస్తుంది. నిన్నటి నుంచే మారుస్తోంది.

అప్పుడే వెలుతురు వచ్చింది. మంచు కూడా లేదు. ఎవరికైనా బాగా కనబడే పొద్దు. తవ్వేసిన సాళ్ళ దగ్గర నల్లటి ఆకారం కదిలింది. వంగి ఉంది. ముందుకు జరుగుతోంది, ఆగుతోంది, నేలలో వెతుకుతోంది. పంది సరిగ్గా అట్లాగే చేస్తుంది. దుర్భిణిలో చూశాను. మధ్యలో మబ్బు, అంచుల్లో నలుపు. ముందు భుజం ఎక్కడుందో తెలియలేదు. నడుమ ఇక్కడ ఉంటే భుజం అక్కడ ఉంటుందని లెక్క వేసుకున్నాను. గుండు వంగుతుందని కొంచెం పైకి పట్టాను. ఎంత బాగా గుర్తొచ్చాయి ఆ వీడియోల్లో చెప్పినవన్నీ!

కాల్చాను. ఆకారం పక్కన మట్టి లేచింది.

ఆకారం లేచి నిలబడింది. రెండు కాళ్ళ మీద. కప్పుకున్న నల్ల కంబడి భుజాల మీది నుంచి జారిపోయింది. చౌడమ్మ.

పందులు తవ్వి వదిలేసిన కాయలు ఏరుకోవడానికి వచ్చింది.

నేను గుట్ట దిగి ఎట్లా పరిగెత్తానో తెలియదు. రాళ్ళు తగిలి మోకాలు పగిలింది. నేను చేరేసరికి ఊళ్ళో నుంచి తుపాకి సద్దు విని మనుషులు వచ్చేశారు. చౌడమ్మే మాట్లాడింది.

"పంది మీదికొచ్చ. కరీమన్న కాల్చకపోయింటే నన్ను చీల్చేసుండు. గుండు దెబ్బకు అట్ల తిరుక్కొని కొండెక్కి పాయ."

అందరూ నా చేతులు పట్టుకున్నారు. ఎవరో నా మోకాలికి పసుపు పెట్టారు.

పంది నాకు కనబడకుండా ఉండొచ్చా? ఆమె వెనక ఉండొచ్చా? ఉండే ఉంటుంది. మీదికి వచ్చిన దాన్ని ఆమె చూసింది, నేను చూడలేదు. నా చెయ్యి చూసింది.

సెప్టెంబర్ 25

ఊరోళ్ళు శాలువా కప్పారు. ప్రసాద్ సారు ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. అంగడికి వచ్చిన ప్రతివాడూ కథ చెప్పమంటున్నాడు. నేను నవ్వుతున్నాను. వాళ్ళే చెప్పుకుంటున్నారు. చౌడమ్మకూ పందికీ మధ్య జానెడు సందు ఉంటే అందులో నుంచి గుండు పంపించానట.

హసీనా శాలువా మడిచి బీరువాలో పెట్టలేదు. మంచం మీద వేసింది. అది ఇంకా అక్కడే ఉంది.

సెప్టెంబర్ 27

ప్రసాద్ సారు ఫోన్. ముదిగుబ్బ పక్క ఊళ్ళవాళ్ళు నన్నే పంపమంటున్నారట. దసరా పండగ అయిపోయాక పోవాలి. అక్కడ కందిచేలు. గొర్రెల కాపర్లు ఎప్పుడూ చేల గట్ల మీదే తిరుగుతుంటారు.

చెప్పాలని నోరు తెరిచాను. "మీ నాయన ఉండింటే ఎంత సంతోషపడుండు" అన్నాడు. మూసుకున్నాను.

కాదంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ఆ రోజు ఏం జరిగిందని అడుగుతారు. అవునంటే పోవాలి.

సెప్టెంబర్ 28

మళ్ళీ వీడియోలు.

సెప్టెంబర్ 30

ధర్మవరం వచ్చాం. అఫ్రీన్ ఇంట్లో ఉన్నాం. నా బిడ్డ ఇక్కడ పట్టుచీరలకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తుంది. చూసి పోదామని హసీనా అంటే వచ్చాను. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని వచ్చాక తెలిసింది.

అఫ్రీన్ ఒక చీర అంచు నా ముందు పరిచింది. "నాయనా, ఈ అంచులో ఏముండాయో చెప్పు."

"పువ్వులు."

"ఎడమ కన్ను మూసుకుని చెప్పు."

మూసుకున్నాను. అంచు ఉంది. దాని మధ్యలో ఏమీ లేదు. ఎవరో బొటనవేలితో చెరిపేసినట్టు.

"పువ్వులే" అన్నాను.

"నెమళ్ళు నాయనా" అంది. తర్వాత ఏడ్చింది. నాకు కోపం వచ్చింది. ఇంట్లో వెలుతురు తక్కువ అన్నాను. వాకిట్లోకి పోయి కూర్చున్నాను. మగ్గం సద్దు వింటూ ఉండిపోయాను.

అక్టోబర్ 1

కంటి డాక్టరు చిన్న వయసామె. చక్కెర జబ్బు వల్ల కుడికన్ను వెనక నరాలు చెడిపోయాయని చెప్పింది. కంట్లో సూదులు వేస్తే ఇంకా చెడకుండా ఆగొచ్చు. పోయిన చూపు చాలావరకు రాదు. ఎడమదీ మసకబారుతోంది కానీ ఇప్పటికి కాపాడుకోవచ్చు.

"ఎప్పటి నుంచి ఇట్లుంది?" అని అడిగింది.

"ఈ నెలే" అన్నాను.

"రెండేళ్ళాయ" అంది హసీనా.

అక్టోబర్ 4

ఎడమకంటితో కాల్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం వేరే వీడియోలున్నాయి. రైఫిల్ ఎడమ భుజానికి ఆనించి చూశాను. వేలు అలవాటు పడాలి. అలవాటైతే కష్టం కాదు. ముదిగుబ్బకు ఇంకా వారం టైముంది.

హసీనా గడపలో నిలబడి చూసింది. "నిన్ను ఎవురు కట్టేసినారు?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

అక్టోబర్ 7

ఒక్కటి తేలిపోతే చాలనిపించింది. ఆ రోజు పంది ఉందా లేదా. ఉంటే నేను ముదిగుబ్బ పోవచ్చు. చౌడమ్మ చేనుకు పోయాను. ఆమె గట్టు మీద కూర్చుని సద్ది తింటోంది. నాకూ ముద్ద పెట్టబోతే వద్దన్నాను.

"చౌడమ్మా, ఆ పొద్దు పంది ఎట్ల నుంచి వచ్చె?"

ఆమె చెయ్యి కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"పంది రాలేదన్నా."

"మరి?"

"నువ్వు నన్నే కాల్చినావు. నాకు తెల్దా? గుండు చెవి పక్కన పోతే ఈలేసినట్టు వినిపించ."

"మరి అందరి ముందరా అట్లెందుకు చెప్పినావు?"

"ఇంకేం చెప్పాల? నిజం చెప్తే నీ తుపాకి గుంజుకుంటారు. గుంజుకుంటే నా చేనుకు ఎవురు దిక్కు? నువ్వు కాల్చినాక మూడు దినాలు ఒక్క పంది దిగలేదు, తెల్సా? నీ తుపాకి సద్దు చాలన్నా నాకు. నీకు కనబడదని నాకు ముందే తెల్సు. గుట్ట మీద కూర్చుంటానన్నప్పుడే తెల్సె. నా మొగం చూసి మాట్లాడ్తా ఉంటివి, కానీ నా చెవి పక్కకు చూస్తా ఉంటివి."

"నీకు తగిలింటే?"

"తగల్లేదు కదా."

"తగిలింటే చౌడమ్మా?"

ఆమె కొండ వైపు చూసింది. "మాయన గొర్రెల కాడ ఉండాడు. ఈ చేను గూడా పోతే నేనూ పోయి ఎవురి గొర్రెలో కాయాల. గుండుకు బయపడితే పందులకు చేను ఇడిచిపెట్టల్ల. రెండిట్లో నేనొకటి పట్టుకోవాల కదన్నా." సద్ది మూట కట్టుకుంటూ అంది, "మళ్ళ ఎప్పుడొస్తావు? ఈసారి నేను ఎర్రచీర కట్టుకుంటాలే."

అక్టోబర్ 8

ఎర్రచీర.

అక్టోబర్ 9

పెనుకొండ ఫారెస్టు ఆఫీసు. ప్రసాద్ సారు కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"సార్, ఆ పొద్దు ఆడ పంది లేదు. నేను కాల్చింది మనిషిని. నాకు కుడికన్ను పోయింది. రెండేళ్ళాయ."

ఆయన తలుపు మూసి వచ్చాడు. చాలాసేపు నా కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

"ఆమె కంప్లైంట్ ఇస్తాదా?"

"ఇయ్యదు. ఇచ్చినా న్యాయమే."

"ఎందుకు చెప్పినావప్పా? నువ్వు చెప్పకపోతే ఎవురికీ తెలిసేది కాదు కదా."

"ముదిగుబ్బలో తెలుస్తాది సార్."

ఆయన మంచివాడే. అరవలేదు. ఆ చౌడమ్మ దగ్గరికి తానే పోయి మాట్లాడతానన్నాడు. చివరకు తల పట్టుకున్నాడు. "ఆ ఊళ్ళోళ్ళకు నేనేం చెప్పాలిప్పుడు?"

"కరీముల్లాకు కండ్లు కనబడవని చెప్పండి."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. వచ్చాక దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. రైఫిల్, తూటాలు పోలీస్ స్టేషన్లో జమ చేశాను. కేసు సంగతి పైవాళ్ళు చూస్తారన్నారు. చూడనీ.

అక్టోబర్ 11

టీ అంగడి దగ్గర నన్ను చూసి మాటలు ఆపేశారు. ఒకడు మాత్రం వినబడేటట్టు అన్నాడు, మాబుసాబ్ కడుపున ఇట్లాంటోడు పుట్టినాడే అని. నేను టీ తాగి వచ్చాను.

నిద్ర పట్టింది. ఎంతో కాలానికి.

అక్టోబర్ 13

చౌడమ్మ ఫోన్ చేసింది. నమస్కారం కూడా లేదు.

"నిన్న కొండ పక్క సాళ్ళన్నీ తినేసినాయి. పందుల మందంతా దిగింది. ఫారెస్టోళ్ళు వచ్చి రాసుకుని పోయినారు. నువ్వు నిజం చెప్పి మంచోడివైతివి. నాకేమొచ్చె?"

పెట్టేసింది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏముంది? నా మెడలోని ఉచ్చు తీసి ఆమె మెడలో వేసి వచ్చాను. హసీనాకు చెప్పాను. ఆమె కుట్టుమిషను ఆపింది.

"తుపాకి ఇచ్చేసినావు. చేతులు గూడా ఇచ్చేసినావా?" అంది.

అక్టోబర్ 14

సాయంత్రం ముందే పోయాను. అంగడిలోని ఖాళీ డబ్బాలు రెండు, సీట్ల లోపలి ఇనుప కడ్డీ ఒకటి తీసుకున్నాను. చౌడమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. మంచె మీదికి ఎక్కబోతే చెయ్యి అందించలేదు. మెట్టు కనబడక కాలు జారితే మాత్రం రెక్క పట్టుకుని పైకి లాగింది.

"ఏంటికొచ్చినావు?"

"కోతలయ్యే దాకా వస్తా. ఒక్కదానివి కొడితే ఒక పక్క కాస్తావు. ఇద్దరమైతే రెండు పక్కలు."

"అవి డబ్బాలకు బయపడవు. చెప్పినా కదా."

"కిందికి దిగి పోయి కొడతా. మీదికి పోతా."

"నీకు కనబడదు కదన్నా."

"నీకు కనబడుతుంది కదా. యాడుండాయో చెప్పు."

ఆమె సద్ది మూట విప్పి, అందులో సగం నా వైపు జరిపింది. ఈసారి వద్దనలేదు.

పొద్దు గుంకేటప్పుడు ఆమె నా మోచేయి పట్టుకుంది. నేను మంచె దిగాను. ముందు ఎంత చూసినా చేను ఒక్కటే మసక. కానీ వాసన వచ్చింది, పచ్చి మట్టి వాసన, దానితో పాటు ఇంకేదో. తర్వాత చెట్లు పీకే చప్పుడు. నాయన వెంట తిరిగిన రోజుల్లో కూడా నేను అంత దగ్గరగా ఎప్పుడూ పోలేదు.

"కుడి పక్కకన్నా!" వెనక నుంచి చౌడమ్మ కేక. నేను కుడివైపు తిరిగి డబ్బా మోగించాను. "ఆ కుడి కాదు, నా కుడి!"

తిరిగాను. అరుస్తూ, కొడుతూ నడిచాను. ఏదో బరువైనది గురగుర అంటూ నా కాళ్ళ ముందు నుంచి పోయింది. ఇంకొకటి. ఆకులు నా మోకాళ్ళకు కొట్టుకున్నాయి. ఆమె కూడా దిగి వచ్చింది. నా పక్కనే ఆమె డబ్బా మోగింది.

"పోతాండాయి! కొండ పక్కకు పోతాండాయి!"

"ఎన్ని ఉండాయి చౌడమ్మా?"

"నీకెందుకన్నా అది, కొట్టు!"

కొట్టాను.